సంక్రాంతికి కుక్కతో ఊరెళ్తున్నారా? ముందు డిక్కీ డోర్ చూసుకోండి

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ దారి పట్టేవాళ్లు ఇంజిన్ ఆయిల్ చూపిస్తారు, టైర్లలో గాలి కొట్టిస్తారు, ఫాస్టాగ్‌లో డబ్బులు వేస్తారు. డిక్కీ డోర్ ఊసు ఎవరూ ఎత్తరు. తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, ఇంకేం కావాలి అనుకుంటారు. కానీ ఇన్నోవాలోనో ఎర్టిగాలోనో వెనక సీట్లు మడిచి కుక్కను ఎక్కించుకుని వెళ్లే ఇంటికి ఆ డోరే ముఖ్యం. మామూలుగా సామాను కోసం రెండుసార్లు తీసే డోర్‌ను కుక్క ఉంటే ఆగిన ప్రతిచోటా తీస్తారు. అదీ ఒంటిచేత్తో, రెండో చేతిలో లీష్ (కుక్కను కట్టే తాడు) పట్టుకుని. సరిగ్గా అప్పుడే డోర్ జారి కిందికొస్తే తగిలేది మీ తలకో, దూకబోతున్న కుక్క నడుముకో. పెద్ద బండ్ల డిక్కీ డోర్ అద్దంతో కలిపి పాతిక ముప్పై కిలోల దాకా ఉంటుందని గుర్తుంచుకోండి.

ఆ బరువును పైన నిలబెట్టేవి రెండు పక్కలా ఉండే నల్ల గొట్టాలు. గ్యారేజీలో డిక్కీ షాకర్లు అంటారు, స్పేర్ పార్టుల షాపులో గ్యాస్ స్ట్రట్లు అన్నా అవే ఇస్తారు. లోపల గట్టిగా కుదించి నింపిన నైట్రోజన్ గ్యాస్, కాస్త నూనె ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ సీలు దగ్గర గ్యాస్ కొంచెం కొంచెంగా కారిపోతుంది. రోజూ వాడేవాళ్లకు తేడా తెలియదు, ఎందుకంటే చెయ్యి కూడా దానికి తగ్గట్టే అలవాటు పడిపోతుంది. డోర్ ఎత్తాక భుజం ఆనించి సామాను దించడం మీ ఇంట్లో మామూలైపోయిందంటే, షాకర్ల పని అయిపోయినట్టే.

పరీక్ష ఎప్పుడు చేస్తారన్నది కూడా ముఖ్యమే. మధ్యాహ్నం ఎండలో చూస్తే పాత షాకర్ కూడా బుద్ధిగా నిలబడుతుంది. వేడికి గ్యాస్ ఒత్తిడి పెరుగుతుంది, చలికి తగ్గుతుంది. 35 డిగ్రీల నుంచి 15కి దిగితే బలం 6, 7 శాతం పడిపోతుంది. ఇప్పటికే అంతంతమాత్రంగా ఉన్న షాకర్‌కు ఆ కాస్త తగ్గినా చాలు, చేతులెత్తేస్తుంది. సంక్రాంతి ప్రయాణమంటే ట్రాఫిక్ తప్పించుకోవడానికి తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో బయల్దేరడం. అంటే మీ డోర్‌కు పని పడేది సరిగ్గా చలిలోనే. కాబట్టి పరీక్ష కూడా తెల్లవారుజామునే చేయండి. డోర్ పూర్తిగా ఎత్తి ఐదు నిమిషాలు ఆగండి. తర్వాత పై నుంచి కొంచెం దించి, కింద చెయ్యి పట్టుకునే, పట్టు కొంచెం వదలండి. దానంతట అదే దిగుతుంటే మార్చాల్సిందే. సన్నటి కడ్డీ మీద నూనె జిడ్డు కనిపించినా, డోర్ ఒక పక్కకు వాలినట్టు ఉన్నా అదే తీర్పు.

కొనేటప్పుడు రెండూ కలిపి కొనండి. "ఒకటి బానే ఉంది సార్, ఒకటి మారిస్తే చాలు" అని ఎవరైనా అంటే వినకండి. కొత్తది ఒక పక్క, నీరసించింది ఇంకో పక్క పెడితే డోర్ మెలి తిరిగి కబ్జాల (డోర్ తిరిగే కీళ్ల) మీద భారం పడుతుంది. పాత గొట్టం మీద 400 ఎన్, 550 ఎన్ లాంటి అంకె ఉంటుంది. అది న్యూటన్లలో బలం. పదితో భాగిస్తే దాదాపుగా కిలోలు వస్తాయి. ఆ అంకె, పొడవు, చివర్ల ఆకారం మూడూ కలవాలి. గట్టిగా ఉంటుంది కదా అని ఎక్కువ న్యూటన్లది వేయించకండి. తెరిచీ తెరవగానే డోర్ ఎగిరి పైకి లేస్తుంది, మూయడానికి ఇద్దరు కావాలి. డోర్ మీద స్పాయిలర్ రెక్కో సైకిల్ స్టాండో తర్వాత బిగించుకుని ఉంటే మాత్రం డోర్ బరువు పెరిగి ఉంటుంది, ఆ సంగతి షాపులో ముందే చెప్పండి.

మార్చడం కష్టమైన పనేం కాదు, ఇంట్లోనే చేసుకోవచ్చు. బటన్ నొక్కితే దానంతట అదే లేచే కరెంటు డిక్కీ అయితే మాత్రం చెయ్యి పెట్టకండి. అందులో షాకర్ స్థానంలో మోటారు ఉంటుంది, దానికి వైర్లు ఉంటాయి. అది షోరూమ్ పని.

మామూలు డోర్ అయితే బండిని చదునైన చోట, గాలి లేనప్పుడు నిలిపి హ్యాండ్‌బ్రేక్ వేయండి. కుక్కను ఇంట్లో పెట్టి తలుపు వేయండి. డిక్కీ తెరుచుకుందంటే షికారు అని దానికి తెలుసు, పని మధ్యలో ఎగిరి లోపలికి దూకుతుంది. పిల్లలను కూడా దగ్గరికి రానివ్వకండి. షాకర్ ఊడదీశాక డోర్‌ను పట్టుకునేది ఏదీ ఉండదు కాబట్టి రెండో మనిషి తప్పనిసరి. ఆ మనిషి ఫోన్ జేబులో పెట్టేసి రెండు చేతులతో పట్టుకోవాలి. తోడుగా గట్టి వెదురు కర్రను కొలతకు కోసి, రెండు చివర్లకు గుడ్డ చుట్టి డోర్ కింద ఊతంగా పెట్టండి. తడిగుడ్డ పెట్టే కర్ర ఆ బరువుకు ఆగదు.

తీసే ముందు రెండు పక్కలా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. లావు గొట్టం ఎటు ఉంది, సన్నటి కడ్డీ ఎటు ఉంది అన్నది ముఖ్యం. లోపలి నూనె సీలును తడిగా ఉంచాలంటే కంపెనీ పెట్టిన దిశలోనే ఉండాలి. తిరగేసి బిగించినా డోర్ లేస్తుంది, కాకపోతే సీలు ఎండిపోయి త్వరగా పాడవుతుంది. చాలా బండ్లలో చివర గుండ్రటి బంతి లాంటి బోల్టు, దాన్ని పట్టుకుని ఒక చిన్న తీగ క్లిప్పు ఉంటాయి. సన్న స్క్రూడ్రైవర్ క్లిప్పు కిందికి పోనిచ్చి కొంచెం పైకి లేపితే చాలు, పూర్తిగా పీకేయక్కర్లేదు. పీకితే ఎగిరి ఎక్కడో పడుతుంది, కంటికి కూడా తగలొచ్చు. కళ్లజోడు పెట్టుకోండి. స్క్రూడ్రైవర్ జారితే పెయింట్ మీద గీత పడుతుంది కాబట్టి ఆ చోట పాత గుడ్డ కప్పండి. క్లిప్పు లేచాక షాకర్‌ను బయటికి లాగితే ఊడి వస్తుంది. కొన్ని బండ్లలో క్లిప్పు కాకుండా చిన్న ప్లేటు, బోల్టులు ఉంటాయి. వాటికి పానా చాలు.

ఒక పక్క పూర్తిగా బిగించాకే రెండో పక్క ముట్టుకోండి. ఇక్కడ తొందర పనికిరాదు. కొత్త షాకర్ పూర్తిగా చాచుకుని వస్తుంది. అంగుళం పొడవు ఎక్కువైందని దాన్ని నేలకేసి నొక్కకండి. అంటే డోర్ పూర్తిగా లేవలేదన్నమాట, రెండో మనిషిని ఇంకాస్త ఎత్తమనండి. బంతి మీద పెట్టి నొక్కితే టిక్ మని శబ్దం వస్తుంది. వచ్చాక చేత్తో ఒకసారి లాగి చూడండి. రెండూ అయ్యాక మొదటిసారి చెయ్యి వదలకుండా నెమ్మదిగా దించి, లేపి చూడండి.

ఇప్పుడు పాతవాటి సంగతి. సంక్రాంతి ముందు ఇది గట్టిగా చెప్పాలి. భోగి మంటకు ఇంట్లో పాత సామాను వెతికే రోజులివి. గ్యారేజీ మూలన పడున్న ఈ గొట్టాన్ని పిల్లలు పాత ఇనుప ముక్క అనుకుని మంటలో వేస్తే అది బాంబే. డోర్‌ను నిలబెట్టలేని షాకర్‌లో కూడా గ్యాస్ చాలానే మిగిలి ఉంటుంది. మంటలో ఒత్తిడి పెరిగి కడ్డీ తూటాలా దూసుకొస్తుంది. సుత్తితో కొట్టకూడదు, డ్రిల్ వేయకూడదు, రంపంతో కోయకూడదు. పాత ఇనుము కొనే మనిషికి ఊరికే చేతిలో పెట్టకండి, అతను గ్యాస్ కట్టర్‌తో కోస్తాడు. మార్చిన రోజే మెకానిక్ షెడ్డుకో సర్వీస్ సెంటర్‌కో ఇచ్చేసి, లోపల గ్యాస్ ఉందని నోటితో చెప్పండి.

ఇక కుక్క. చిన్న కుక్కకు మధ్య వరస సీటే మంచి చోటు. ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ వేసి, దాన్ని సీట్‌బెల్ట్ బకిల్‌కు తగిలించాలి. మెడ పట్టీకి బెల్ట్ కడితే బ్రేక్ వేసినప్పుడు మెడకే ఉరి బిగుస్తుంది. ముందు సీటు, ఒడి రెండూ వద్దు, అక్కడ ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే అదే చంపేస్తుంది. ల్యాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్దవాటికి వెనక భాగంలో గట్టి బోను, అదీ మధ్య సీటు వీపుకు ఆనించి, అటూ ఇటూ పట్టీలతో కట్టి ఉంచడం మేలు. డోర్‌కు ఆనించి పెడితే వెనక నుంచి ఎవరైనా గుద్దినప్పుడు మొదటి దెబ్బ బోనుకే. మా వాడు బుద్ధిమంతుడు, కట్టక్కర్లేదు అనేవాళ్లకు ఒక లెక్క. 50 కిలోమీటర్ల వేగంలో బండి దేనికో గుద్దుకుని ఆగితే, 25 కిలోల కుక్క తన బరువుకు ఎన్నో రెట్ల బరువుతో ముందు సీట్లో వాళ్ల మీద పడుతుంది. బుద్ధికీ దానికీ సంబంధం లేదు. సీటు వెనక కట్టే వల కుక్క ముందుకు ఉరకకుండా ఆపుతుందంతే, గుద్దుకున్నప్పుడు ఆగదు.

గాలి కోసమని డిక్కీ డోర్ కొంచెం తెరిచి, తాడు కట్టి నడిపేవాళ్లున్నారు. ఇది అన్నిటికన్నా ప్రమాదం. బండి వెనక ఏర్పడే సుడిగాలి పొగ గొట్టంలోంచి వచ్చేదాన్ని నేరుగా లోపలికి లాగుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. కుక్క పడుకుందనుకుంటారు, పిల్లలు నిద్రపోయారనుకుంటారు. డోర్ పూర్తిగా మూసి ఏసీ వేయండి. వెనక వరస దాకా చల్లదనం వస్తోందా లేదా అన్నది ముందు రోజే ఒకరు అక్కడ పది నిమిషాలు కూర్చుని చూస్తే తెలిసిపోతుంది. పంతంగి టోల్ దగ్గర పండగ క్యూలో ఇరుక్కున్నాక తెలుసుకోవడం కన్నా అది నయం.

బయల్దేరే ముందు మూడు నాలుగు గంటల పాటు తిండి పెట్టకండి, నీళ్లు పట్టండి. వాంతుల మాత్ర ఏదైనా పశువైద్యుడు రాసిందే వేయాలి. మనం వేసుకునే పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ కుక్కలకు విషమయ్యే ప్రమాదం ఉంది, చిన్న ముక్క కూడా సొంతంగా వేయకండి. రేబిస్ టీకా కార్డు వెంట ఉంచుకోండి.

దారిలో ఆగినప్పుడే అసలు టెన్షన్. సూర్యాపేట దగ్గర హోటల్ ముందు బండి ఆపగానే నలుగురూ నాలుగు తలుపులు తీస్తారు, కుక్క రోడ్డు మీదికి దూకుతుంది. ఒక నియమం పెట్టుకోండి: ఎవరో ఒకరు పక్క డోర్‌లోంచి చెయ్యి పెట్టి లీష్ తగిలించి, పట్టుకున్నాను అని పైకి చెప్పాకే డిక్కీ తెరవాలి. డోర్ తెరుచుకోవడం అంటే దూకడం కాదని, ఆగు అంటే ఆగాలని ఇంటి దగ్గరే వారం పాటు బిస్కెట్ పెట్టి నేర్పండి. మూసేటప్పుడు ముందు తోక ఎక్కడుందో చూడండి. ముసలి కుక్కను దూకనివ్వకండి. ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి వెనక కాళ్ల కింద వేసి ఎత్తండి, లేదా చెక్క పలక వాలుగా పెట్టండి.

కుక్కను బండిలో ఉంచి అందరూ కలిసి టిఫిన్‌కు వెళ్లడం మాత్రం వద్దు. జనవరి కదా అనుకోకండి. బయట 30 డిగ్రీలే ఉన్నా ఎండలో అద్దాలు మూసిన బండి లోపల పది నిమిషాల్లో పది డిగ్రీలు ఎక్కుతుంది, అరగంటలో 45 దాటుతుంది. అద్దం రెండు వేళ్లంత దించినా పెద్ద తేడా రాదు. కుక్క ఒంటి వేడి మామూలుగా 38, 39 డిగ్రీలు. 41 దాటితే ప్రాణం మీదికే వస్తుంది. పగ్, షిట్జూ, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కువి ఇంకా త్వరగా డీలా పడతాయి. నాలుక ముదురు ఎరుపెక్కి, చొంగ జిగటగా కారుతూ తూలుతుంటే వెంటనే నీడకు తెచ్చి, మామూలు చల్లటి నీళ్లు ఒళ్లంతా పోసి, విసరండి. ఐసు గడ్డలు వద్దు. అలా తడుపుతూనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

తిరుగు ప్రయాణంలో బండి వేరేలా ఉంటుంది. అమ్మ కట్టిన అరిసెల డబ్బా, పచ్చడి జాడీలు, కొత్త బియ్యం బస్తా, అరటి గెల. వెళ్లేటప్పుడు కుక్కకున్న చోటు వచ్చేటప్పుడు ఉండదు. బోను మీద బస్తా పెడితే గాలి ఆడదు. పక్కన కట్టకుండా పెడితే బ్రేకుకు అది బోనును నొక్కేస్తుంది. డోర్ మూసుకోవట్లేదని సామాను మీద నుంచి బలంగా నెడితే కొత్త షాకర్ కూడా వంకరపోవచ్చు. బియ్యం బస్తాను బస్సు పార్శిల్‌లో వేయించండి. అరిసెల డబ్బా మాత్రం ముందు సీటు దగ్గర, కుక్కకు అందనంత దూరంలో పెట్టుకోండి, తిన్నదంటే ఆ నూనెకూ బెల్లానికీ చిల్లకల్లు టోల్ వచ్చేలోపే కక్కుతుంది.