కోతి కొమ్మ పొడుగు, మనిషి కొమ్మ పొట్టి: మాలిక్యులర్ క్లాక్ లెక్క తప్పుతుంటే ఏం చూడాలి

మాలిక్యులర్ క్లాక్ అంటే డీఎన్ఏలో పోగయ్యే మార్పులను లెక్కపెట్టి, జాతులు ఎప్పుడు విడిపోయాయో అంచనా వేసే పద్ధతి.

సమస్య: మనిషి, రీసస్ కోతి, మార్మోసెట్ (దక్షిణ అమెరికా చిన్న కోతి) డీఎన్ఏలతో ట్రీ, అంటే వంశవృక్షం గీశారు. కొమ్మ పొడుగు డీఎన్ఏలో వచ్చిన మార్పుల లెక్క. మార్మోసెట్ నుంచి కొలిస్తే మిగతా రెండూ సమాన దూరంలో ఉండాలి, ఉమ్మడి పూర్వీకుడి నుంచి గడిచిన కాలం ఒకటే కదా. కానీ కోతి కొమ్మే పొడుగ్గా వస్తోంది.

కారణం: ముందు ఎలైన్‌మెంట్ (డీఎన్ఏ వరుసలను అక్షరానికి అక్షరం జతపరచడం) చూడండి. అది బాగానే ఉంటే డేటాలో తప్పేమీ లేదు. మనిషి వంశంలో క్లాక్ నెమ్మదిగా నడుస్తోందని లీ, తనిమురా అనే పరిశోధకులు 1987లోనే చూపించారు. రీసస్ కోతికి తరం సుమారు 11 ఏళ్లు, మనకు 29. తరం పొట్టిదైతే అదే కాలంలో ఎక్కువ తరాలు, ఎక్కువ మార్పులు.

పరిష్కారం: అన్ని కొమ్మలకూ ఒకే రేటు పెట్టకండి. రిలాక్స్‌డ్ క్లాక్ (కొమ్మ కొమ్మకీ రేటు మారనిచ్చే పద్ధతి) వాడండి, కోతుల వైపు కూడా ఒక శిలాజంతో తేదీ కట్టండి.

సమస్య: "తరం నిడివితో సరిచేశాను, ఇంకా ఘోరంగా వచ్చింది."

కారణం: ఎక్కువమంది పడే గుంట ఇదే, నేనూ పడ్డాను. 29ని 11తో భాగిస్తే 2.6, కాబట్టి కోతి రేటు 2.6 రెట్లు అనుకుంటాం. తల్లిదండ్రుల, పిల్లల జీనోములు పోల్చి చూస్తే వేరే మాట చెబుతాయి. వంద కోట్ల అక్షరాలకు తరానికి మనిషిలో సుమారు 12 కొత్త మ్యుటేషన్లు (డీఎన్ఏ మార్పులు), రీసస్‌లో 5.8. తరం ఏళ్లతో భాగించండి: ఏడాదికి 0.41, 0.53. తేడా 30 శాతమే.

మిగతాది ఎటు పోయింది? తండ్రి వయసులోకి. అండాల కణ విభజన తల్లి పుట్టకముందే దాదాపు ముగుస్తుంది. మనిషిలో వీర్యకణాల మూలకణాలు మాత్రం యుక్తవయసు నుంచి సుమారు 16 రోజులకోసారి, అంటే ఏడాదికి 23 సార్లు విడిపోతూనే ఉంటాయి. ఐస్‌లాండ్ కుటుంబాల్లో తండ్రి వయసు ఏడాది పెరిగితే బిడ్డలో మ్యుటేషన్లు ఒకటిన్నర దాకా పెరిగాయి, తల్లి వైపు మూడేళ్లకు ఒకటి. కరెంటు బిల్లులా అనుకోండి. పిండ దశ నుంచి యుక్తవయసు దాకా పడేది ఫిక్స్‌డ్ చార్జీ, ఆ తర్వాతది యూనిట్ల లెక్క. కోతి ఆ ఫిక్స్‌డ్ చార్జీని 11 ఏళ్లకోసారి కడుతుంది, మనం 29 ఏళ్లకోసారి.

పరిష్కారం: తరం నిడివి ఒక్కటీ చాలదు. యుక్తవయసు, తండ్రుల సగటు వయసు, వీర్యకణ చక్రం నిడివి (మూలకణాలు ఎన్ని రోజులకోసారి విడిపోతాయో) కూడా లెక్కలోకి తీసుకోండి.

సమస్య: మనిషి, చింపాంజీ విడిపోయిన తేదీ మరీ పాతగా వస్తోంది. డీఎన్ఏలో తేడా 1.2 శాతం, ఒక్కో వైపు 0.6. దాన్ని 0.41 రేటుతో (వంద కోట్ల అక్షరాలకు, ఏడాదికి) భాగిస్తే 1.46 కోట్ల ఏళ్లు! చాద్‌లో దొరికిన, మనిషి వంశంలో తొలిదని చాలామంది భావించే శిలాజం సహెలాంత్రోపస్ వయసేమో 70 లక్షల ఏళ్ల దగ్గర.

కారణం: రెండున్నాయి. ఇవాళ్టి మనిషి రేటును పూర్వీకులందరికీ అంటగట్టారు. చింపాంజీ తరం 25 ఏళ్లు, గొరిల్లాది 19. పూర్వీకులవీ మనకంటే పొట్టి తరాలే అయితే రేటు ఎక్కువే ఉండాలి. రెండోది, కొన్ని డీఎన్ఏ తేడాలు జాతులు విడిపోకముందే పూర్వీకుల జనాభాలో ఉన్నాయి, అందుకే తేదీ అసలు విడిపోయిన దానికంటే పాతగా వస్తుంది.

పరిష్కారం: పూర్వీకుల జనాభాలోని వైవిధ్యాన్ని ముందు తీసేయండి, రేటును కొమ్మ కొమ్మకీ మారనివ్వండి.

సమస్య: కొన్ని స్థానాల్లో తరం ప్రభావం బాగా కనిపిస్తోంది, కొన్నింట్లో దాదాపు లేదు.

కారణం: మిథైల్ అనే చిన్న రసాయన గుంపు అతికిన సీపీజీ స్థానాలు (డీఎన్ఏలో సి అక్షరం వెంటనే జి వచ్చే చోట్లు) కణ విభజన కోసం ఆగవు. రసాయన చర్యతో కాలం గడిచేకొద్దీ మారతాయి, అందుకే అక్కడ క్లాక్ కాస్త నిలకడగా నడుస్తుంది.

పరిష్కారం: సీపీజీ స్థానాలను వేరే ఫైల్లో పెట్టి విడిగా రన్ చేయండి. రెండు తేదీలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.