అబోరిజినల్ (ఆస్ట్రేలియా ఆదివాసీ) కుటుంబం తరఫున ఫిర్యాదు రాసే ముందు

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో కొత్తగా కేస్‌వర్కర్లుగా చేరుతున్న మనవాళ్లకి. ఫారం తెరిచే ముందు ఇవి చూసుకోండి.

– ఫిర్యాదు వేరు, రివ్యూ (నిర్ణయాన్ని మళ్లీ చూడమని అడగడం) వేరు. సెంటర్‌లింక్ (ప్రభుత్వ భత్యాలిచ్చే కేంద్ర సంస్థ) డబ్బు ఆపేస్తే ముందు రివ్యూ అడగండి. 13 వారాలు దాటాక అడిగితే, గెలిచినా పాత బకాయి మామూలుగా రాదు. అంబుడ్స్‌మన్‌కి (ప్రభుత్వ సంస్థల మీద ఫిర్యాదులు చూసే అధికారికి) రాసేశాం కదా అని కూర్చుంటే గడువు ఆగదు.

– రాష్ట్ర హౌసింగ్, పిల్లల సంరక్షణ అయితే రాష్ట్ర అంబుడ్స్‌మన్. సెంటర్‌లింక్ అయితే కామన్వెల్త్ (కేంద్ర) అంబుడ్స్‌మన్. పోలీసుల సంగతి 2017 నుంచి వేరే కమిషన్ చూస్తోంది.

– ఆ కుటుంబం అనుమతి లేకుండా ఏదీ పంపొద్దు. ప్రభుత్వమే వాళ్ల పిల్లల్ని బలవంతంగా తీసుకెళ్లిన చరిత్ర ఉంది, దానికి 2008లో పార్లమెంటులో ప్రధాని క్షమాపణ చెప్పారు కూడా, అయినా ఫిర్యాదు చేస్తే అధికారులు ఇంటి మీదకి వస్తారేమోనన్న భయం పోలేదు. రాసింది మొత్తం చదివి వినిపించండి, వాళ్ల మాటల్ని మీ ఆఫీసు భాషలోకి మార్చేయకండి.

– చనిపోయినవాళ్ల పేరు రాయొచ్చా అని అడగండి, చాలా చోట్ల పలకరు.

– ‘ఆంటీ’ అనేయకండి. మనకి పక్కింటావిడ కూడా ఆంటీయే, అక్కడ అది పెద్దలకిచ్చే గౌరవం. ఎలా పిలవమంటారో అడిగితే సరిపోతుంది.

– ఫోన్ చేసిన తేదీ, రిఫరెన్స్ నంబర్ రెండూ వాళ్ల దగ్గరా ఉండాలి. మీరు ఉద్యోగం మారిపోతారు.