పందులకు గోధుమ పెడుతున్నారా? పిండి పట్టించకండి

హైదరాబాద్ చుట్టుపక్కల పందులు పెంచేవాళ్లకు ఒక మాట. మొక్కజొన్న రేటు పెరిగి, నూక గోధుమలు చవగ్గా దొరికితే టెన్షన్ లేకుండా వాటికి మారొచ్చు. కానీ మరలో మెత్తగా పట్టించకండి. గోధుమ పిండి తడి తగిలితే జిగురై నోటికి అంటుకుంటుంది, మేత తగ్గిపోతుంది. పైగా మరీ మెత్తటి దాణాతో పందుల కడుపులో పుండ్లు పడతాయి. ఉప్మాకు వాడే గోధుమ రవ్వలా బరకగా ఆడించమనండి. పగలని గింజలు మాత్రం మిగలకూడదు, అవి అరక్కుండా పేడలోనే పోతాయి.

మొక్కజొన్నలో ప్రొటీన్ 8-9 శాతమైతే గోధుమలో 11-13 దాకా ఉంటుంది. అది చూసి కొందరు సోయా చెక్క (నూనె తీశాక మిగిలే సోయా పిప్పి) మానేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. కండ పట్టడానికి కావాల్సిన లైసిన్ (ప్రొటీన్‌లో ఒక భాగం) గోధుమలో తక్కువే, ఎదిగే పంది పిల్లలకు అదే ముఖ్యం. చెక్క కొంచెం తగ్గించొచ్చు, అంతే.

మార్పు వారం పది రోజుల్లో మెల్లగా చేయండి. వానాకాలంలో బస్తాలు చెమ్మగిల్లి బూజు వాసన వస్తే, ఆ సరుకు ఎంత చవకైనా వద్దు. బూజు విషం తగిలితే పందులు మేత ముట్టవు, చూడి పందులకైతే ఇంకా ప్రమాదం.