వాన నీళ్లలో దిగేముందు కాలి దెబ్బ చూసుకోండి

చెన్నైలో అక్టోబరు మూడో వారం దాటిందంటే ఈశాన్య రుతుపవనాల వానలు దగ్గరపడ్డట్టే. ఇక డిసెంబరు దాకా వేలచ్చేరి, ముడిచ్చూర్, వ్యాసర్‌పాడి లాంటి చోట్ల ఎప్పుడు నీళ్లు నిలుస్తాయో చెప్పలేం. 2015 డిసెంబరు వరదల్లోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానప్పుడూ రోజుల తరబడి ఆ నీళ్లలో నడిచినవాళ్లం మనమంతా. ఇంటికి సరుకులు తెచ్చుకున్నాం, ఫోన్లు చార్జింగ్ పెట్టుకున్నాం. కాళ్ల సంగతి మాత్రం ఎవరం పట్టించుకోలేదు.

నాకు ఆ బుద్ధి ఆలస్యంగా వచ్చింది. ఒక వానాకాలం పెరంబూరులో నీళ్ల కింద కనపడని గుంతలో స్కూటర్ దిగబడి పడ్డాను. మోకాలి కింద అరచేయంత మేర తోలు దోక్కుపోయింది. ఎముక విరగలేదు కదా అని ధైర్యం. ఇంటికొచ్చి పసుపు అద్ది, గుడ్డ కట్టుకుని, మర్నాడు అదే కాలితో అదే నీళ్లలో ఆఫీసుకి వెళ్లాను. మూడో రోజుకి పిక్క బిగుసుకుపోయింది, చలిజ్వరం వచ్చింది. ఐదు రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. అక్కడ డాక్టరు మొట్టమొదట అడిగింది ఏం మందు రాశారని కాదు, ఎంతసేపు కడిగారని. నేను కడగనే లేదు.

అందుకే ఈ కడగడం గురించే ఎక్కువ చెబుతాను. దెబ్బ తగలగానే రక్తం కారుతుంటే ముందు శుభ్రమైన గుడ్డ పెట్టి పది నిమిషాలు గట్టిగా అదిమిపట్టండి. ఆగిందా లేదా అని మధ్యమధ్యలో ఎత్తి చూడకూడదు. గుడ్డ తడిసిపోతే తీయకుండా దాని మీదే ఇంకొకటి వేయండి. అప్పటికీ ఆగకపోతే అదిమిపట్టుకునే ఆస్పత్రికి వెళ్లాలి. లోతుగా గుచ్చుకున్న గాజుముక్కనో ఇనుప ముక్కనో ఇంట్లో లాగకండి. లాగితే రక్తం ఒక్కసారిగా కారవచ్చు, ముక్క విరిగి లోపలే ఉండిపోనూవచ్చు.

రక్తం ఆగాక, చేతులు సబ్బుతో కడుక్కుని, గాయం మీద ఐదు నుంచి పది నిమిషాలు ధారగా నీళ్లు పోయాలి. వరద రోజుల్లో సంపు నీళ్లలో మురుగు కలిసి ఉండొచ్చు, కాబట్టి కుళాయి నీళ్లను నమ్మకండి. తాగే క్యాన్ నీళ్లు వాడండి, లేదా కాచి చల్లార్చినవి. ప్లాస్టిక్ సీసా మూతకి చిన్న చిల్లు పెట్టి సీసాను నొక్కితే ధార బలంగా వస్తుంది, సందుల్లో ఉన్న ఇసుక బయటికొస్తుంది. సబ్బు గాయం చుట్టూ చర్మానికే రాయండి, లోపలికి వద్దు. రోడ్డు మీద ఈడ్చుకుపోయిన దెబ్బలో నల్లటి మట్టి రేణువులు అతుక్కుని ఉంటాయి. వాటిని తడి గాజుగుడ్డతో మెల్లగా తుడవండి. రాకపోతే డాక్టరు మత్తు ఇచ్చి తీస్తారు. వదిలేస్తే అక్కడే చీము పడుతుంది.

స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి నురగ వస్తే క్రిములు చచ్చినట్టు అనుకుంటాం. నిజానికి అవి మానాల్సిన కండని కూడా కాలుస్తాయి. పసుపు, కాఫీపొడి, టూత్‌పేస్టు అసలే వద్దు. పసుపు మీద మనకి ఎంత గురి ఉన్నా, వంటింటి డబ్బాలోది క్రిములు లేని మందు కాదు, పైగా గాయం రంగు కనపడకుండా చేస్తుంది. గాలి తగిలితే త్వరగా ఆరుతుందని తెరిచి ఉంచడం కూడా పొరపాటే. పలుచగా పెట్రోలియం జెల్లీ రాసి, అతుక్కోని గాజుగుడ్డ వేసి కట్టిన గాయం త్వరగా మానుతుంది. కట్టు రోజుకోసారి మార్చాలి. తడిస్తే మాత్రం అప్పటికప్పుడే.

ఇంజెక్షన్ విషయంలో చాలామందికి ఒక అపోహ ఉంది. "టీటీ వేయించుకున్నా, ఇక సెప్టిక్ అవదు" అంటారు. ఆ ఇంజెక్షన్ ధనుర్వాతాన్ని ఆపుతుంది, అంతే. చీముని ఆపదు. ఇప్పుడు టీటీ బదులు టీడీ అని ఇస్తున్నారు, అందులో డిఫ్తీరియాకీ రక్షణ ఉంటుంది. మట్టి, మురుగు అంటిన దెబ్బయితే, ఆఖరి డోసు పడి ఐదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి. చిన్నప్పటి నుంచీ ఎప్పుడూ వేయించుకోని పెద్దవాళ్లు ఉంటే ఆ మాట డాక్టరుకి తప్పక చెప్పండి, వాళ్లకి ఒక్క డోసు చాలదు.

గాయం నోరు తెరుచుకుని ఉన్నా, కాలివేళ్లు కదలకపోయినా, తిమ్మిరిగా ఉన్నా ఆ రోజే వెళ్లాలి. తెల్లారాక చూద్దాంలే అనుకుంటే కుట్లు వేయడం కష్టమవుతుంది. ఒక్కోసారి మురికి గాయాన్ని డాక్టర్లు కావాలనే కుట్టకుండా కొన్ని రోజులు వదిలేస్తారు. దానికి గొడవపడకండి, లోపల క్రిములతో కుట్టేస్తే ఇంకా ప్రమాదం. రోడ్డు ప్రమాదమైతే 108కి ఫోన్ చేయండి. తమిళనాడులో 2021 డిసెంబరు నుంచి ఇన్నుయిర్ కాప్పోమ్ పథకం ఉంది. జాబితాలో ఉన్న ఆస్పత్రుల్లో మొదటి 48 గంటల చికిత్స, నిర్ణీత పరిమితి దాకా, ఉచితం. ప్రమాదం ఈ రాష్ట్రంలో జరిగితే చాలు, మనది నెల్లూరైనా విజయనగరమైనా ఇస్తారు. పీజీల్లో ఉండే మన పిల్లలకి ఈ సంగతి తప్పక చెప్పండి.

ఇక నీళ్లు. కాలి మీద మానని గాయం ఉంటే నిలిచిన నీళ్లలో దిగకండి. కట్టు మీద ప్లాస్టిక్ కవర్ చుట్టి రబ్బరు బ్యాండు వేసుకుంటారు కానీ, నాలుగు అడుగుల్లో నీళ్లు లోపలికి పోతాయి, బ్యాండు బిగిస్తే రక్తం ఆడదు. తప్పనిసరైతే మోకాలి దాకా గమ్‌బూట్లు వేసుకోండి. వచ్చాక కాళ్లు సబ్బుతో కడిగి వేళ్ల సందులు తుడవండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి చిన్న గీత గుండా కూడా లెప్టోస్పైరోసిస్ వస్తుంది. తమిళంలో ఎలి కాయ్చల్ అంటారు. నీళ్లలో నడిచిన నెల రోజుల్లోపు జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే డాక్టరుతో "వరద నీళ్లలో నడిచాను" అని మీరే ముందుగా చెప్పండి. ముందుజాగ్రత్తగా మాత్ర అవసరమా అన్నది ఆయనే తేలుస్తారు. మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలు మీరే వేసుకోకండి.

షుగర్ ఉన్నవాళ్ల గురించి నాకు ఎక్కువ టెన్షన్. మా అత్తయ్య అరికాల్లో ముల్లు దిగితే ఆవిడకి తెలియలేదు, నేల మీద రక్తపు మరకలు చూసి మేం కనిపెట్టాం. అలాంటివాళ్ల పాదాల్ని రోజూ రాత్రి ఇంట్లో ఎవరో ఒకరు చూడాలి.

పథ్యం పేరుతో గుడ్డు, పప్పు మాన్పించకండి. అవి తింటే చీము పడుతుందన్నది నిజం కాదు. కండ మళ్లీ కట్టడానికి కావాల్సింది అవే.

గాయం పక్కన ఎరుపు ఉన్నంత మేర చుట్టూ పెన్నుతో గీత గీసి టైము రాసుకోండి. ఎరుపు గీత దాటినా, పైకి ఎర్రటి చారలా పాకినా, చీము, జ్వరం వచ్చినా ఆగకండి. గాయం చిన్నదిగా కనపడుతూ నొప్పి మాత్రం భరించలేనంత ఉన్నా, చర్మం నల్లబడినా, నొక్కితే లోపల కరకరమన్నా అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకే.

దీపావళి సరుకులతోపాటే గాజుగుడ్డ, రోలర్ బ్యాండేజీ, టేపు, సెలైన్ సీసా, గ్లౌజులు కొని ఒక సంచిలో పెట్టండి. అటక మీద కాదు, కరెంటు పోయినా చీకట్లో చేతికందాలి. మాది తలుపు పక్క మేకుకి వేలాడుతోంది, టార్చి దానికే కట్టి ఉంది.