తవ్వకం నేర్చుకుందాం, పార్ట్ 4: మట్టిలో మట్టి గోడ

పురావస్తు తవ్వకంలో పోయిన పార్ట్‌లో ట్రెంచ్ (తవ్వే గుంట) మార్క్ చెయ్యడం, గుంటల మధ్య తవ్వకుండా గట్లు వదలడం అయిపోయింది కాబట్టి ఇవాళ డైరెక్టుగా కష్టమైన పనిలోకి వెళ్దాం, పచ్చి ఇటుక (కాల్చని మట్టి ఇటుక) గోడని కనిపెట్టడం. ఎందుకు కష్టం అంటే గోడా మట్టే, అది కూలి పడిందీ మట్టే, పైన పేరుకున్నదీ మట్టే. పలుగు దించారంటే గోడ కాస్తా తట్టలోకి వెళ్ళిపోతుంది, మీకు తెలియను కూడా తెలీదు. 19వ శతాబ్దంలో ఇరాక్‌లో తవ్విన పెద్దపెద్దోళ్ళే చాలామంది చెక్కిన రాతి పలకల వెంట సొరంగాలు కొట్టుకుంటూ పోయారు గానీ మట్టి గోడలు వాళ్ళ కంటికి ఆనలేదు.

తర్వాత ఇరాక్‌లోనే పాత అస్సీరియా రాజధాని అష్షూర్‌లో జర్మన్ల టీము 1903 నుంచి 1914 దాకా తవ్వింది, అక్కడ పని నేర్చుకున్న, ఆ పక్కనే ఉన్న షర్కాత్ ఊరివాళ్ళు, ఆ తర్వాత వాళ్ళ పిల్లలు ఇరాక్‌లో వేరే సైట్లకి కూడా స్పెషలిస్టులుగా వెళ్ళారు. ఈజిప్టులో బ్రిటిష్ పురావస్తువేత్త పెట్రీ ట్రైన్ చేసిన కుఫ్త్ ఊరివాళ్ళదీ ఇదే కథ. అయినా రిపోర్టుల్లో చాలావరకు కూలీల లెక్కలోనే మిగిలిపోయారు, ఇది అన్యాయమే అంటాను నేను, ఇప్పుడు చెప్పబోయేదంతా అలాంటి చేతుల పనే మరి.

ముందు పైనుంచి తాపీతో పలచగా మీ వైపుకి గీకండి. ఊడ్చి, కాస్త నీళ్ళు స్ప్రే చేసి ఆరేదాకా ఆగండి. ఇటుకా, మధ్యలో అడుసూ ఒకేసారి ఆరవు కాబట్టి సన్నటి గీతలు తేలతాయి, అవి ఒకే కొలతలో మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఇటుకలే. ఇక గోడ మొహం, అంటే గది వైపు పూత ఉన్న పక్క. గోడ వైపు నుంచి కాదు, గదిలో పూడిన మట్టి వైపు నుంచి చిన్న పిక్‌తో మెల్లగా దగ్గరికి రండి, రెండు వేళ్ళ మందం మిగిలాక మొన పెట్టి కొంచెం తిప్పితే పూడిక మట్టి గోడ పూత నుంచి పెళ్ళగా ఊడొస్తుంది. ఊడట్లేదు, మీరే చెక్కాల్సొస్తోంది అంటే ఆగిపోండి, అక్కడ లేని గోడని మీరు తయారు చేస్తున్నారు! డౌట్ ఉంటే నేల దాకా దిగండి, చాలాసార్లు నేల పూత గోడ దగ్గర కాస్త పైకి వంగి పూతలో కలుస్తుంది.

ప్రాక్టీస్ అని పాటిదిబ్బల (పాత ఊళ్ళు పూడిపోయిన దిబ్బల) జోలికి మాత్రం పోకండి, లైసెన్స్ లేకుండా తవ్వితే కేసులవుతాయి. పెరట్లో నాలుగు వరసల పచ్చి ఇటుక గోడ వేరేవాళ్ళతో కట్టించి, అదే మట్టితో పూడ్పించి, ఒక వానాకాలం వదిలెయ్యండి. తర్వాత తాపీ పట్టుకుని మీరు దిగండి, ఎక్కడ కట్టారో మాత్రం అడగొద్దు.