పాత వీడియో గేమ్ పెట్టెకు ప్లగ్గు పెట్టే ముందు
భీమవరం, అమలాపురం వైపు ఎవరి కొట్టుగదిలోనైనా, ఒకప్పుడు నాణెం వేసి ఆడుకున్న వీడియో గేమ్ పెట్టె మీకు దొరికితే, ఆత్రపడి ప్లగ్గు పెట్టకుండా, ముందు వెనక తలుపు తీసి, లోపలి సర్క్యూట్ బోర్డు మీది బ్యాటరీని చూడండి. 1990లో ఎస్‌ఎన్‌కే అనే గేమ్ సంస్థ తెచ్చిన నియో జియో ఎంవీఎస్ రకం బోర్డుల్లో చాలావాటి మీద 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. ఏళ్ళు గడిచాక దాని నుంచి కారే క్షారం పక్కనున్న రాగి గీతలను తినేస్తుంది. వానాకాలమంతా గోడలు చెమర్చే మన డెల్టా గాలికి ఆ చిలుము మరింత పాకుతుంది.

బ్యాటరీ కాళ్ళ దగ్గర ఎండిన మజ్జిగ చారికలా తెల్లగానో, మైలుతుత్తం రంగులోనో పొక్కు కనిపిస్తే, చేతికి తొడుగులు వేసుకుని బ్యాటరీని కత్తిరించి తీసి, తెల్ల వెనిగర్‌లో ముంచిన పాత పళ్ళ బ్రష్‌తో మెల్లగా రుద్దండి. వెనిగర్‌లోని ఆమ్లం క్షారాన్ని విరిచేస్తుంది. ఆ తరవాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, రెండు రోజులు ఫ్యాను కింద ఆరనివ్వాలి. ఎండలో పెట్టాలని చాలామందికి తోస్తుంది గాని, నాకు ఫ్యాను మీదే నమ్మకం.

క్యాప్‌కామ్ అనే మరో గేమ్ సంస్థ తెచ్చిన సీపీఎస్-2 రకం బోర్డయితే మాత్రం కత్తెర పక్కన పెట్టండి. గేమ్‌ను విప్పే రహస్య సంకేతాలను నిలిపి ఉంచేది అందులోని బ్యాటరీయే కనుక, దాన్ని ఊడదీస్తే గేమ్ నడవడం మానేస్తుంది.

పిక్చర్ ట్యూబులో కరెంటు తీసేశాక కూడా వేల వోల్టులు నిలిచి ఉండవచ్చు. ట్యూబు జోలికి మీరు పోకుండా, ఆ పని పాత టీవీలు బాగుచేసిన మెకానిక్‌కు వదిలేయండి.