పెళ్లి ఫొటోల మీద నల్ల చారలు: నా అనుభవం

మా పిన్ని కూతురి పెళ్లి ఫొటోలు ఇంటికొచ్చి కంప్యూటర్లో చూసుకుంటే గుండె గుభేల్‌మంది. జీలకర్ర బెల్లం పెడుతున్న ఫొటో, మళ్లీ తీద్దామన్నా దొరకనిది, దాని నిండా అడ్డంగా నల్లటి చారలు. పెళ్లికూతురి నుదుటి మీద ఒకటి, పట్టుచీర మీద రెండు. కెమెరా పాడైందనే అనుకున్నా. కానీ పొద్దున మంగళస్నానాలప్పుడు పెరట్లో తీసినవి శుభ్రంగా ఉన్నాయి.

తప్పు నాదే. పంతులుగారి మంత్రాల మధ్య టకటకమని చప్పుడెందుకని సైలెంట్ షట్టర్ పెట్టా, స్పీడు 1/500, అంటే ఒక్కో ఫొటోకి సెకనులో అయిదువందో వంతు. మన కరెంటు 50 హెర్ట్జ్. దాంతో ఆ పెళ్లి హాల్లో ఉన్నలాంటి చవకరకం ఎల్ఈడీలు చాలావరకు సెకనుకు 100 సార్లు మినుకుతుంటాయి, కంటికి తెలియదు. సైలెంట్ షట్టర్‌లో సెన్సర్, అంటే వెలుగును పట్టే చిప్, బొమ్మను ఒక్కసారిగా కాకుండా వరసవరసగా చదువుతుంది. వెలుగు తగ్గిన క్షణంలో చదివిన వరసలే ఆ చారలు.

మర్నాడు వ్రతం కూడా అదే హాల్లో. చప్పుడు చేసే మెకానికల్ షట్టర్‌కి మార్చి, స్పీడు 1/100కి దించా, ఒక మినుకు మొత్తం ఒక్కో ఫొటోలో పట్టేలా. చారలు మాయం! వెలుగు ఎక్కువసేపు పడటంతో ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా సున్నితత్వం) కూడా 3200 నుంచి 640కి దిగింది. అక్షింతలు చల్లే చేతులు కాస్త అలుక్కుపోయాయి, పోనీ. రంగులు మారే స్టేజీ లైట్లకి మాత్రం ఈ లెక్క కుదర్లేదు, స్పీడు అటూ ఇటూ తిప్పి చూసుకోవాల్సి వచ్చింది.

ఇక పాత ఫొటో. ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో చార మీద మాస్క్ గీసి, అంటే ఆ చోటుని మాత్రమే ఎంచుకుని, ఎక్స్‌పోజర్ (వెలుగు) కొంచెం కొంచెం పెంచా. రెండు గంటలు పట్టింది. నుదుటి మీది చార పోయింది. చీర మీదవి పూర్తిగా పోలేదు, పిన్ని వాటిని జరీ మెరుపు అనుకుంది. నేనేం చెప్పలేదు.